రాత్రి నడక, కొత్త ఆలోచన: ఇందులో నడక వాటా ఎంత, రాత్రి వాటా ఎంత?

క్లుప్తంగా: నడిస్తే కొత్త ఆలోచనలు ఎక్కువగా వస్తాయనడానికి ప్రయోగాల ఆధారం గట్టిగానే ఉంది. మసక వెలుతురు, మనిషి కాస్త అలిసిపోయి ఉండే వేళ కూడా ఇందుకు తోడ్పడతాయని వేరువేరు పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఇవన్నీ ఆలోచనలు పుట్టే దశకే పనికొస్తాయి, వాటిలో మంచిచెడ్డలు తేల్చే దశకి కాదు. నిద్ర తగ్గినా, మనసు దిగులుగా ఉన్నా, దారిలో భయం ఉన్నా లెక్క తిరగబడుతుంది.

రాయడం, బొమ్మలు వేయడం, సంగీతం కట్టడం, ప్రోగ్రామింగ్ లాంటి పనుల్లో ముందుకు కదలలేక ఆగిపోయినవాళ్లకి తరచుగా వినిపించే సలహా ఒకటుంది. పొద్దుపోయాక బయటికి వెళ్లి కాసేపు నడవండి, ఐడియాలు వాటంతట అవే వస్తాయి అని. దానికి పూర్తిగా వ్యతిరేకమైన సలహా కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది: రాత్రి నిద్రకే, అప్పుడు వచ్చే ఆలోచనల్ని నమ్మొద్దు అని. ఈ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టు కనిపించడానికి కారణం, రాత్రి నడక అనేది ఒక్క పని కాకపోవడం. అందులో మూడు విషయాలు కలిసి ఉన్నాయి: కాళ్లు కదలడం, వెలుతురు తగ్గడం, శరీరం విశ్రాంతి వైపు మళ్లే వేళ కావడం. శాస్త్రజ్ఞులు ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించారు. కింద చెప్పిన ప్రయోగాల్లో ఏదీ అర్ధరాత్రి ఆరుబయట నడిపించి చేసింది కాదు. కాబట్టి రాత్రి నడక గురించి చెప్పే ఏ మాటైనా ఈ మూడు ముక్కల్ని కలిపి చేసిన ఊహేనని ముందే గుర్తుంచుకోవాలి.

కాళ్లు కదిలితే ఏమవుతుంది

ఈ విషయంలో అందరూ ప్రస్తావించే పరిశోధన 2014లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన మారిలీ ఒపెజ్జో, డేనియల్ ష్వార్ట్జ్ నాలుగు ప్రయోగాలు చేశారు. మొత్తం 176 మంది పాల్గొన్నారు, వాళ్లలో ఎక్కువ మంది కాలేజీ విద్యార్థులు. మనస్తత్వ శాస్త్రవేత్త జె.పి. గిల్‌ఫర్డ్ రూపొందించిన పాత పరీక్షే ఇందులో ముఖ్యమైనది. గుండీ లాంటి ఒక మామూలు వస్తువు పేరు చెప్పి, దాన్ని ఇంకా ఎన్ని రకాలుగా వాడొచ్చో చెప్పమంటారు. ఎన్ని జవాబులు వచ్చాయన్నది ఒక్కటే చూడరు. మిగతావాళ్లెవరికీ తట్టనిది, అదే సమయంలో నిజంగా కుదిరేది అయితేనే దాన్ని సృజనాత్మకమైన జవాబుగా లెక్కేస్తారు. కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు అలాంటి జవాబులు సగటున 60 శాతం పెరిగాయి.

ఈ సంఖ్యకి వచ్చినంత ప్రచారం ప్రయోగం జరిపిన తీరుకి రాలేదు. కానీ అసలు విషయం అక్కడే ఉంది. కొందరిని గదిలో ఖాళీ గోడకి ఎదురుగా పెట్టిన ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. చెట్లు లేవు, గాలి లేదు, ఆకాశం లేదు. అయినా ఫలితం కనిపించింది. అంటే ఆరుబయటి అందాలు లేకపోయినా నడక తన పని తాను చేస్తుంది. ఇంకొందరిని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి బయట తిప్పారు, చుట్టూ కనిపించేవి అవే అయినా కాళ్లకి పని లేకుండా. నాలుగో ప్రయోగంలో ఒక వాక్యాన్నో దృశ్యాన్నో ఇచ్చి, దానికి సరిపోయే కొత్త పోలిక చెప్పమన్నారు. ‘దోచుకుపోయిన ఇనప్పెట్టె’ అన్నదానికి, యుద్ధం చూసి వచ్చి మానసికంగా దెబ్బతిన్న సైనికుడు అన్నది మంచి జవాబు కింద లెక్క: పోగొట్టుకోవడం, బలవంతం, ఇక మామూలుగా పనిచేయలేకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. బయట నడిచినవాళ్లలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కటైనా ఇలాంటి మేలైన కొత్త పోలిక చెప్పగలిగారు. లోపల కూర్చున్నవాళ్లలో సగం మందే చెప్పారు.

మరో రెండు సంగతులు రాత్రి నడకకి నేరుగా సంబంధించినవి. నడిచి వచ్చి కూర్చున్నాక కూడా ఆ చురుకుదనం కొంతసేపు నిలిచింది. పైగా ఇవేవీ సుదీర్ఘమైన నడకలు కావు, 5 నుంచి 16 నిమిషాలవి. గంటల తరబడి తిరిగితేనే ఏదో జరుగుతుందనుకోవడానికి ఈ పరిశోధనలో ఆధారం లేదు.

ఇక రెండో వైపు. మూడు పదాలిచ్చి, ఆ మూడింటితోనూ కలిసే ఒకే ఒక్క పదం కనుక్కోమనే పరీక్ష కూడా పెట్టారు. అందులో నడిచినవాళ్లు మెరుగుపడలేదు సరికదా, కాస్త వెనకబడ్డారు. నలువైపులా వెతికే ఆలోచనకి నడక సాయపడుతుంది, ఒక్క సరైన జవాబు దగ్గరికి చేరే ఆలోచనకి సాయపడదు. కథకి పది ముగింపులు కావాలంటే నడవొచ్చు. లెక్కలో తప్పెక్కడుందో పట్టుకోవాలంటే కుర్చీయే మేలు.

నడక ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకి ఒకటికి మించి వివరణలున్నాయి. మెదడు శాస్త్రవేత్త ఆర్నే డైట్రిచ్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, కదలికలో ఉన్నప్పుడు మెదడు తన వనరుల్లో కొంత భాగాన్ని కదలికకే మళ్లిస్తుంది. దాంతో నుదుటి వెనక ఉండే నియంత్రణ వ్యవస్థ పట్టు కాస్త సడలుతుంది. మామూలుగా ‘ఇది కుదరదు, అది అనవసరం’ అంటూ ఆలోచనల్ని గుమ్మం దగ్గరే ఆపేసేది ఆ వ్యవస్థే. 2022లో జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో కోణం చూపించారు. వాళ్ల ప్రయోగంలో స్వేచ్ఛగా నడిచినవాళ్లు మెరుగ్గా చేశారు, కట్టడి చేసిన పద్ధతిలో నడిచినవాళ్లు అంతగా చేయలేదు. కూర్చోవడంలోనూ అదే తేడా కనిపించింది. ఒకే చోట చూపు నిలిపి కూర్చోమన్నప్పుడు జవాబులు తగ్గాయి. ఇది నిజమైతే, అడుగులు లెక్కపెడుతూ, టార్గెట్ పెట్టుకుని, వాచీ చూసుకుంటూ వేగంగా చేసే వాకింగ్ ఆరోగ్యానికి మంచిదే కావచ్చు కానీ ఆలోచనలకి అంతగా పనికిరాదు.

చీకటి చేసే పని

వెలుతురు విషయంలో బాగా పేరొచ్చిన పరిశోధన 2013లో అన్నా స్టైడ్లె, లియోబా వెర్త్ చేసినది. వాళ్లు 150, 500, 1500 లక్స్ అనే మూడు స్థాయిల వెలుతురులో మనుషుల్ని కూర్చోబెట్టి పని ఇచ్చారు. ఆఫీసుల్లో సాధారణంగా ఉండేది మధ్యలోని 500. మసక వెలుతురులో సృజనాత్మక పనులు మెరుగ్గా సాగాయి, తర్కంతో విడదీయాల్సిన పనులకి ఎక్కువ వెలుతురు నయమనిపించింది. చీకటిలో ఉన్న అనుభవాన్ని గుర్తు తెచ్చుకోమన్నా కొంత ప్రభావం కనిపించిందని కూడా వాళ్లు రాశారు. తక్కువ వెలుతురులో మనిషికి కట్టుబాట్ల నుంచి కాస్త విడుదలైనట్టు అనిపిస్తుందని, దాంతో ఆలోచించే తీరు వెతుకులాట వైపు మళ్లుతుందని వాళ్ల వివరణ.

దీన్ని చదివి చీకట్లోకి నడిచేముందు ఒక చిన్న లెక్క చూసుకోవాలి. వాళ్ల మసక గదిలో ఉన్నది 150 లక్స్. దీపాలున్న వీధిలో సాధారణంగా పది, ఇరవై లక్స్‌కి మించి ఉండదు. నిండు పున్నమి వెన్నెల కూడా అర లక్స్‌కి తక్కువే. అంటే ప్రయోగంలో ‘చీకటి’గా లెక్కేసినది నిజమైన రాత్రితో పోలిస్తే పట్టపగలే. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి తెచ్చి అతికించడం తేలికైన పని కాదు.

రాత్రివేళ కన్ను పనిచేసే పద్ధతి కూడా వేరు. రెటీనాలో రంగుల్ని, సన్నటి వివరాల్ని పట్టుకునే శంకువులు సుమారు 60 లక్షలుంటాయి. తక్కువ వెలుతురులో పనిచేసే దండాలు సుమారు 12 కోట్లు. చీకటి పడితే పని దండాల చేతికి వస్తుంది. రంగులు వెలిసిపోతాయి, అక్షరాలు కనిపించవు, నేరుగా చూసిన దానికంటే ఓరచూపుకి అందేదే కొంచెం స్పష్టంగా ఉంటుంది. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఫోన్ తెర ఒక్కసారి వెలిగితే ఆ అలవాటు చాలావరకు చెదిరిపోతుంది. పగలు బోర్డులు, రంగులు, ఎదురొచ్చే ముఖాలు దృష్టిని అటూ ఇటూ లాగుతుంటాయి. రాత్రి ఆ లాగుడు తగ్గుతుంది కాబట్టి మనసు లోపలికి తిరగడానికి వీలుంటుందన్నది సహేతుకమైన ఊహే. కాకపోతే అది తెలిసిన దారికే వర్తిస్తుంది. గుంతలున్న కొత్త దారిలో కళ్లు, మనసు రెండూ పాదాల దగ్గరే ఉంటాయి.

వేళ సంగతి

2011లో మరీకె వీత్, రోజ్ జాక్స్ 428 మంది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఈ చర్చలో అన్నిటికంటే వింతగా తోస్తుంది. ముందుగా ఎవరు పొద్దున చురుగ్గా ఉంటారో, ఎవరు సాయంత్రం చురుగ్గా ఉంటారో తేల్చుకున్నారు. తర్వాత కొందరిని ఉదయం, కొందరిని సాయంత్రం కూర్చోబెట్టి రెండు రకాల చిక్కుప్రశ్నలిచ్చారు. ఉన్నట్టుండి తట్టాల్సిన జవాబుల విషయంలో, తమకి చురుకు తక్కువగా ఉండే వేళలోనే విద్యార్థులు బాగా చేశారు. మెట్టు మెట్టుగా లెక్కకట్టాల్సిన ప్రశ్నల్లో అలాంటి తేడా రాలేదు. అలిసిన మనసు అనవసరమైనవాటిని పక్కకి నెట్టడంలో కాస్త బద్ధకిస్తుంది, అలా లోపలికి జారినవాటిలో అసలు జవాబుకి దారి చూపే ముక్క ఉండొచ్చు.

దీన్ని అలాగే తీసుకుంటే రాత్రి వల్ల ఎక్కువ లాభపడాల్సింది నిశాచరులు కాదు, తెల్లవారకముందే లేచే అలవాటున్నవాళ్లు. రాత్రి పది తర్వాతే బుర్ర పనిచేస్తుందనే వాళ్లకి ఈ తర్కం ప్రకారం పొద్దున్నే చేసే నడకే మేలు. ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి ఇది సరిగ్గా ఎదురు. అయితే ఈ అధ్యయనంలో సాయంత్రం అంటే నాలుగు నుంచి ఐదున్నర మధ్య. అర్ధరాత్రి కాదు.

వేళకి సంబంధించి ఇంకో సాదాసీదా కారణం ఉంది. దీనికి ప్రయోగాలు అక్కర్లేదు. రాత్రి పదకొండుకి ఎవరూ ఫోన్ చేయరు, జవాబు కోసం ఎదురుచూడరు. మిగతా పని గుర్తొచ్చినా ఆ గంటలో చేయగలిగిందేమీ ఉండదు. పగలు నడిచే మనిషికి దొరకనిది ఈ తీరుబడే. చాలామంది రాత్రి మహిమగా చెప్పుకునే దానిలో పెద్ద వాటా దీనిదే అయ్యుండొచ్చు.

కోపెన్‌హాగెన్ పార్కులో జరిగింది

రాత్రి నడకకి చరిత్రలో గట్టి ఉదాహరణ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వెర్నర్ హైసెన్‌బర్గ్. 1926-27 చలికాలంలో ఆయన కోపెన్‌హాగెన్‌లో మరో భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ దగ్గర ఉన్నారు. క్వాంటం సిద్ధాంతం చెప్పేదానికీ, క్లౌడ్ చాంబర్‌లో (సూక్ష్మ కణాలు వెళ్లిన దారిని చూపించే పరికరంలో) కళ్లకి కనిపించే ఎలక్ట్రాన్ జాడకీ పొంతన కుదరక ఇద్దరూ రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునేవారు. వాదనలు విసుగుతో ముగిశాక హైసెన్‌బర్గ్ తాను పనిచేసే ఇన్‌స్టిట్యూట్ వెనక ఉన్న పార్కులో ఒంటరిగా నడిచేవారు. 1927 ఫిబ్రవరిలో బోర్ స్కీయింగ్ కోసం నార్వే వెళ్లారు. ఆ రోజుల్లోనే ఒక అర్ధరాత్రి, అంతకుముందు ఐన్‌స్టీన్ తనతో అన్న మాట హైసెన్‌బర్గ్‌కి గుర్తొచ్చింది: ఏది గమనించగలమో తేల్చేది సిద్ధాంతమే అని. వెంటనే పార్కులోకి వెళ్లి నడుస్తూ దాన్ని తిరగేశారు. ఒక కణం ఉన్న చోటునీ, దాని గతినీ రెండిటినీ ఒకేసారి కచ్చితంగా తెలుసుకోలేమని చెప్పే అనిశ్చితత్వ సూత్రానికి దారి అక్కడ దొరికిందని తర్వాత ఆయనే రాసుకున్నారు.

ఈ కథని సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. ముందూ వెనకా చూస్తేనే అది అర్థమవుతుంది. ముందు, నెలల తరబడి నలిగిన ప్రశ్న ఉంది, పదునైన ఎదురువాదన ఉంది. వెనక, బోర్ తిరిగొచ్చి వ్యాసం చదివి అందులోని మైక్రోస్కోప్ ఉదాహరణలో పొరపాటు పట్టుకున్నారు. ఇద్దరి మధ్యా పెద్ద రగడే జరిగింది. చివరికి హైసెన్‌బర్గ్ ఆ లోపాన్ని ఒప్పుకుంటూ వ్యాసం చివర ఒక గమనిక చేర్చారు. పార్కులో దొరికిన ఆలోచన సరైనదే, దాని వివరణలో తప్పు మాత్రం బల్ల ముందు కూర్చుంటేనే బయటపడింది.

ఇంగ్లిష్ ఆలోచనాపరుడు గ్రాహం వాలస్ 1926లోనే ఈ క్రమాన్ని నాలుగు దశలుగా చెప్పారు: సిద్ధపడడం, మగ్గనివ్వడం, తట్టడం, సరిచూడడం. నడక రెండో దశలో పడుతుంది. మగ్గే దశ మీద జరిగిన 117 అధ్యయనాల్ని 2009లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, బుర్రకి బాగా పని పెట్టే పని చేస్తే మేలు తగ్గింది, మాటల చిక్కుప్రశ్నల విషయంలో పూర్తి విశ్రాంతి కంటే తేలికైన పనేదో చేస్తున్నప్పుడే ఎక్కువ మేలు కనిపించింది. తెలిసిన దారిలో నడక సరిగ్గా అలాంటిది. కానీ మొదటి దశ లేకుండా రెండోది లేదు. పచ్చికాయే లేనప్పుడు మగ్గబెట్టడానికి ఏమీ ఉండదు.

నికోలా టెస్లాకి 1882లో తిరిగే అయస్కాంత క్షేత్రం ఆలోచన తట్టింది కూడా నడుస్తున్నప్పుడే. బుడాపెస్ట్ పార్కులో, సూర్యాస్తమయ వేళ, స్నేహితుడు పక్కన ఉండగా. ఒంటరితనం తప్పనిసరి కాదనడానికి ఇది ఉదాహరణ. ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1843లో ఒక చిన్న నవల రాస్తూ, లండన్ జనమంతా పడుకున్నాక రాత్రుళ్లు 15 నుంచి 20 మైళ్లు, అంటే 24 నుంచి 32 కిలోమీటర్ల దాకా తిరిగానని ఉత్తరంలో రాశారు. అదే డికెన్స్ 1860లో అచ్చేసిన వ్యాసంలో వర్ణించిన రాత్రి తిరుగుళ్లు మాత్రం వేరు. అవి నిద్రపట్టని మనిషి అలిసిపోవడం కోసం తిరిగిన తిరుగుళ్లు. పైకి చూస్తే రెండూ ఒకటే. నిద్రలేమికి మందుగా నడిచినదాన్ని కూడా సృజన ఖాతాలో వేయడం ఇలాంటి రచనల్లో తరచుగా జరిగే పొరపాటు. పైగా ఈ కథల్లో ఎప్పుడూ ఏదో తట్టిన రాత్రులే ఉంటాయి. ఏమీ తట్టకుండా తిరిగొచ్చిన రాత్రుల్ని ఎవరూ రాసిపెట్టరు.

ఎప్పుడు ఎదురు తిరుగుతుంది

నియంత్రణ సడలడం వల్ల కొత్త ఆలోచనలు లోపలికి వచ్చినట్టే, దిగులు కూడా వస్తుంది. 2022లో కొందరు నిద్ర పరిశోధకులు ‘అర్ధరాత్రి తర్వాతి మనసు’ అనే పరికల్పనని ముందుకు తెచ్చారు. శరీరం నిద్రకి సిద్ధమైన గంటల్లో మేలుకుని ఉంటే ప్రతికూల భావాలు బలపడతాయని, ఆవేశంతో తీసుకునే నిర్ణయాలు పెరుగుతాయని వాళ్ల వాదన. పాత గొడవనే మళ్లీ మళ్లీ నెమరేసుకునే స్థితిలో రాత్రిపూట ఒంటరి నడక ఆ నెమరుకి ఇంకాస్త తీరిక ఇవ్వడమే అవుతుంది. చెట్ల మధ్య 90 నిమిషాలు నడిస్తే ఇలాంటి నెమరు తగ్గిందని 2015లో స్టాన్‌ఫర్డ్‌లోనే మరో అధ్యయనం చూపింది కానీ, అది పగటి నడక. టెన్షన్‌లో ఉన్నవాళ్లకి దాన్ని రాత్రికి వర్తింపజేయడం తొందరపాటు.

నిద్ర విషయంలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 2004లో జర్మనీలో జరిగిన ఒక ప్రయోగంలో, అంకెల సమస్యలో దాగిన అడ్డదారిని కనిపెట్టమన్నప్పుడు, మధ్యలో రాత్రి నిద్రపోయినవాళ్లలో అది కనిపెట్టినవాళ్లు మేలుకుని ఉన్నవాళ్ల కంటే రెట్టింపుకి పైగా ఉన్నారు. అంటే నిద్ర కూడా మగ్గే దశకి పనికొచ్చేదే. రెండు గంటల నిద్ర మానుకుని నడిచిన మనిషి ఒక చేత్తో తెచ్చుకున్నది రెండో చేత్తో పోగొట్టుకున్నట్టే. నడక వల్లే నిద్ర చెడుతుందన్న భయం మాత్రం అవసరం లేదు. సాయంత్రపు వ్యాయామం మీద జరిగిన అధ్యయనాల్ని 2019లో సమీక్షించినప్పుడు, పడుకునేముందు గంటలోపల ముగిసే గట్టి వ్యాయామమే ఇబ్బంది పెట్టేలా కనిపించింది. తీరికగా వేసే అడుగులు ఆ కోవలోకి రావు.

అందరికీ దొరికే రాత్రి కాదు

రాత్రి ఒంటరిగా తిరగడం చరిత్రలో చాలాకాలం అనుమానించదగ్గ పనే. ఇంగ్లండ్‌లో 1285 నాటి వించెస్టర్ చట్టం, రాత్రివేళ కనిపించిన కొత్తవాళ్లని కావలివాళ్లు పట్టుకుని తెల్లారేదాకా ఉంచే అధికారం ఇచ్చింది. చట్టాలు మారాయి కానీ రాత్రి ఎవరు నిశ్చింతగా తిరగగలరన్న తేడా పూర్తిగా పోలేదు. 1977లో ఇంగ్లండ్‌లో స్త్రీలు రాత్రి వీధుల్లో మాకూ హక్కుందంటూ పలు నగరాల్లో ఊరేగింపులు తీశారు. చీకటి పడ్డాక తాము ఉండే చోట ఒంటరిగా నడవడం సురక్షితమని ఎంతమంది అనుకుంటున్నారన్నది ఇప్పుడు ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 16.1.4 సంఖ్యతో ఒక సూచికగా ఉంది.

దీన్ని కేవలం హక్కుల సమస్యగా చూసి వదిలేయడానికి లేదు. పైన చెప్పిన యంత్రాంగమంతా మనసు అదుపు సడలడం మీదే ఆధారపడింది. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తోందా అని చెవులు రిక్కించి నడిచే మనిషికి అదుపు సడలదు, ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి భయపడుతూ నడిచే రాత్రి నడకలో ప్రమాదం సంగతి అలా ఉంచినా, ఆశించిన లాభమే ఉండదు. అలాంటప్పుడు మసక చీకటి పడే వేళ, ఆవరణ లోపలి దారి, మేడ మీద పచార్లు, తోడుగా ఒకరు ఇవన్నీ తక్కువ రకం ప్రత్యామ్నాయాలేమీ కావు. ఖాళీ గోడ ముందు ట్రెడ్‌మిల్ పనిచేసినప్పుడు ఇవి ఎందుకు చేయవు?

వాహనాలు తిరిగే దారైతే, నడిచేవాళ్లకి ఎదురుగా వచ్చే దీపాలు కనిపించినంత తేలికగా డ్రైవర్‌కి నడిచే మనిషి కనిపించడు. చాలామంది దీన్ని తలకిందులుగా అంచనా వేస్తారు. వెలుతురు పడితే మెరిసే పట్టీలు ఛాతీ మీద కంటే చీలమండలు, మోకాళ్ల దగ్గర ఉంటే దూరం నుంచే గుర్తుపడతారు. కదిలే కాళ్ల లయ మనిషిదని కన్ను ఇట్టే పోల్చుకుంటుంది. ఫుట్‌పాత్ లేని చోట వాహనాలకి ఎదురు దిశలో నడవడం మేలు.

ఎలా తేల్చుకోవాలి

ఈ ఆధారాలన్నీ చూశాక, ఎవరికైనా రాత్రి నడక పనిచేస్తుందా లేదా అన్నది తేల్చడానికి ఒక్కటే దారి కనిపిస్తుంది. బయల్దేరేముందు ఒకే ఒక ప్రశ్నని, వీలైతే ఒక వాక్యంలో రాసిపెట్టుకోవాలి. నడకలో తట్టినవాటిని తెర చూడకుండా గొంతుతో రికార్డ్ చేసుకోవాలి. ఏదీ కొట్టేయకూడదు, ఏదీ మెచ్చుకోకూడదు. మర్నాడు పగటి వెలుతురులో కూర్చుని ఎన్ని నిలబడ్డాయో లెక్కపెట్టాలి. అదే తరహా ప్రశ్నతో పగటి నడకలోనూ, కుర్చీలోనూ ఇదే చేయాలి. ఏమీ రాని రోజుల్ని కూడా సున్నా వేసి రాసుకోవాలి. రాత్రికీ పగటికీ పెద్ద తేడా లేకపోతే పని చేస్తున్నది నడకే, దానికి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.